పడవ మోటారు మరమ్మత్తు: ఒక పాఠము

పడవ వెనుక బిగించెడు పెట్రోలు మోటారును 1909లో అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ విక్రయమునకు తెచ్చెను. అట్టి పాత మోటారు నొకదానిని మేము ఇంటివద్ద విప్పగా, పిస్టను సిలిండరుకు పట్టుకొనియుండెను. క్రొత్త పిస్టను వేసిన చాలునని మొదట తలచితిమి. కాని అది వేడెక్కుటకు కారణమేమి? క్రిందనున్న నీటిపంపులో రబ్బరు చక్రపు రెక్కలు విరిగి, ఆ ముక్కలు నీటి దారులను మూసివేసినవి. చల్లబరచు నీరు పైకి చేరలేదు.

ముక్కలను ఏరివేసి, క్రొత్త చక్రము నమర్చిన పిమ్మటనే పిస్టను మార్చితిమి. రెండు స్ట్రోకుల యంత్రమున పెట్రోలులో కలిపిన నూనెయే కందెన. కావున తయారీదారు చెప్పిన పాళ్ళు తప్పలేదు. నీటి పీపాలో నడిపి చూడగా ప్రక్కనుండి నీటిధార వెలువడెను. ఆ ధార ఆగినచో మోటారును తక్షణమే ఆపవలెను.

నడినీట మోటారు నిలిచిన ప్రాణములకే ముప్పు. విద్యార్థులారా, విరిగినదానిని మార్చుట సగము పని. విరిగిన కారణమును తొలగించుటయే మరమ్మత్తు.