పాత ల్యాప్‌టాప్ ఏ తరానిదో తెలుసుకోవడం ఎలా?

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడుపుతోంది. అలాంటి ఇంట్లో అమ్మాయి కాలేజీలో చేరినా, అబ్బాయి కంప్యూటర్‌లో చీరల డిజైన్ నేర్చుకుంటానన్నా, చాలామంది చూసేది వాడిన ల్యాప్‌టాప్‌ల వైపే. కంపెనీలు కొన్నేళ్లు వాడి వదిలేసిన యంత్రాలివి. అమ్మేవారు "ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్" అని చెబుతారు. అది ఏ తరం ఐ5 అన్నది మాత్రం చెప్పరు. ధర తేల్చాల్సింది ఆ మాటే.

ఐ3, ఐ5, ఐ7 అనేవి తరాలు కావు, ఒకే తరంలోని స్థాయులు. 2010 నుంచీ ఇంటెల్ ప్రతి తరంలోనూ ఐ5 చేసింది. తరం తెలిసేది గీత తర్వాత వచ్చే సంఖ్యలో. ఐ5-8250యు అంటే ఎనిమిదో తరం, ఐ7-6600యు అంటే ఆరో తరం. ఆ సంఖ్య 1తో మొదలైతే మొదటి రెండు అంకెలూ కలిపి చదవాలి: 10210యు పదో తరం, 1135జీ7 పదకొండో తరం, 1235యు పన్నెండో తరం. గీత తర్వాత మూడంకెలే ఉంటే, ఐ5-520ఎం లాగా, అది మొదటి తరం. 2023 చివర్లో వచ్చిన 'కోర్ అల్ట్రా' నుంచి ఇంటెల్ ఈ లెక్కను వదిలేసింది.

ఏడో తరానికీ ఎనిమిదో తరానికీ మధ్య గీత చాలా ముఖ్యం. సన్నని ల్యాప్‌టాప్‌లలో వాడే ఐ5-7300యులో రెండు కోర్లు ఉంటే, 2017లో వచ్చిన ఐ5-8250యులో నాలుగున్నాయి. ఆరో తరం ఐ7-6600యులో కూడా రెండే. అందుకే పాత ఐ7 కన్నా ఆ ఐ5 నయం. ఇక్కడ గిగాహెర్ట్జ్ అంకె తప్పుదారి పట్టిస్తుంది. 7300యు మూల వేగం 2.6 గిగాహెర్ట్జ్, 8250యుది 1.6 మాత్రమే. పెద్ద అంకె చూసి మొదటిదే మంచిదనుకుంటే మోసపోయినట్టే.

రెండో కారణం విండోస్. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. నమోదు చేసుకున్న ఇంటి వినియోగదారులకు భద్రతా నవీకరణలు 2026 అక్టోబర్ 13 వరకే. విండోస్ 11కు ఇంటెల్‌లో, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం లేదా ఆ పైది కావాలి. టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయమూ ఉండాలి. తనిఖీని దాటవేసి పాత యంత్రంలోనూ విండోస్ 11 ఎక్కించవచ్చు. కాబట్టి తెర మీద విండోస్ 11 కనబడటం రుజువు కాదు. అలాంటి యంత్రానికి నవీకరణలు అందుతాయన్న హామీ లేదు. ఇంటి డబ్బు లావాదేవీలు అందులోనే చేస్తారు కనుక ఇది చిన్న విషయం కాదు.

మోడల్ పేరు చూస్తే చాలదా? చాలదు. థింక్‌ప్యాడ్ టీ480 ఐ5-7300యుతోనూ వచ్చింది, ఐ5-8250యుతోనూ వచ్చింది. బయటికి రెండూ ఒకటే. ఇక స్టిక్కర్ అంటారా, దాన్ని ఎవరైనా మార్చి అంటించవచ్చు. తానును లేబుల్ చూసి కాక పోగు లాగి చూసి కొనే ఊరికి ఈ సంగతి వేరే చెప్పాలా!

ప్రాసెసర్ పేరు చిప్‌లోనే ఉంటుంది. విండోస్ మీటతో ఆర్ నొక్కి, 'ఎంఎస్ఇన్ఫో32' అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేస్తే ఆ పేరు కనిపిస్తుంది. విండోస్ చూపే పేరును మార్చే మోసాలూ ఉన్నాయి కనుక యంత్రాన్ని ఆపి, మళ్లీ ఆన్ చేస్తూ బయోస్‌లోకి వెళ్లి చూడటం మేలు. సాధారణంగా డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1 నొక్కాలి. ఇది విండోస్ మొదలుకాకముందే కనబడే తెర.

ఏఎండీ రైజెన్ కొంచెం తికమక. 7000 వరుస ల్యాప్‌టాప్ చిప్‌లలో మొదటి అంక విడుదల సంవత్సరానికి గుర్తు, నిర్మాణాన్ని చెప్పేది మూడో అంకె. 7520యులో ఉన్నది 2019లో మొదట వచ్చిన జెన్ 2 నిర్మాణమే, 7540యులో జెన్ 4. కొత్త సంఖ్య కింద పాత సరుకు పెట్టడం కొనేవారికి న్యాయం కాదనిపిస్తుంది.

ర్యామ్, ఎస్ఎస్‌డీ చాలా యంత్రాల్లో తర్వాత మార్చుకోవచ్చు. 'యు' ప్రాసెసర్ మదర్‌బోర్డుకు అతికి ఉంటుంది, తరం మార్చడం కుదరదు. ఇంట్లో ఇప్పటికే ఏడో తరం యంత్రం ఉంటే పారేయనక్కర్లేదు. లినక్స్ వేసుకుంటే నవీకరణలు అందుతాయి, తెలుగులో రాసుకోవడమూ కుదురుతుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడిచేదైతే మాత్రం ఈ దారి పనికిరాదు. ఆ సంగతి పని నేర్పేవారిని కొనకముందే అడగాలి.