మెత్తని పూత – గట్టి అచ్చు

జగిత్యాల, కోరుట్ల బజారుల్లో కనిపించే జింకురేకు నిజానికి ఉక్కురేకే. తుప్పు పట్టకుండా దానికి జింకుపూత వేస్తారు. జింకు ఉక్కుకన్నా మెత్తన. అయినా ఈ రేకును నొక్కే ఉక్కు అచ్చు పాడవుతుంది! ఎలా?

ఒత్తిడిలో జారే రేకు అచ్చుకు రాసుకుంటుంది. పూత నుండి జింకు రేణువులు ఊడి అచ్చుకు అతుక్కుంటాయి. పేరుకున్నకొద్దీ నునుపైన అచ్చు గరుకవుతుంది, తర్వాతి రేకును గీరుతుంది. గీత లోతైతే ఉక్కు బయటపడుతుంది. అందుకే నూనె రాస్తారు, మధ్యమధ్య అచ్చును శుభ్రం చేసి మెరుగుపెడతారు.

ఘర్షణ బొత్తిగా లేకున్నా చిక్కే. అంచును పట్టి ఉంచే చోట రేకు సులువుగా జారితే ముడతలు పడుతుంది.

సిరిసిల్ల మరమగ్గాల సంగతి చూడండి. నూలు పడుగు రాపిడికి తెగకుండా ముందే గంజి పట్టిస్తారు. అక్కడ పూత ఉన్నది దారాన్ని కాపాడటానికి. ఆ దారాలు దూరే పళ్ల చట్రాన్ని నేతవారు ఏమంటారో తెలుసా? అచ్చు!