లండన్ వెళ్తే అమరావతి చూడండి
(సందేహాలు - సమాధానాలు)

మేమిద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. మేలో తొమ్మిది రోజులు బ్రిటన్ వెళ్తున్నాం. లండన్, బాత్, స్టోన్‌హెంజ్, లేక్ డిస్ట్రిక్ట్, ఎడిన్‌బరో అన్నీ చుట్టేయాలని మావారు ఎక్సెల్ షీట్ వేశారు. చూస్తుంటేనే నీరసం వస్తోంది. ఏవి వదిలేయమంటారు?
- ఒక పాఠకురాలు, హఫీజ్‌పేట్

ఆ షీట్‌లో భోజనానికి ఒక్క గడి కూడా ఉండి ఉండదు. రానూపోనూ రెండు రోజులు పోతే మిగిలేవి ఏడు. లండన్‌కి నాలుగు, ఎడిన్‌బరోకి రెండు, బాత్‌కి ఒకటి ఇవ్వండి. లేక్ డిస్ట్రిక్ట్ వదిలేయండి. అక్కడ వాన తగ్గేదాకా కూర్చునే తీరిక ఉండాలి, మీకు లేదు. స్టోన్‌హెంజ్ కూడా నా ఓటుకు నోచుకోలేదు. మామూలు టికెట్‌తో వెళ్తే రాళ్ల మధ్యకు రానివ్వరు, దూరంగా చుట్టూ తిరిగి రావడమే.

ఎడిన్‌బరోకి కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి రైలెక్కండి. నాలుగున్నర గంటలు. కుడివైపు కిటికీ సీట్లు తీసుకుంటే బెరిక్ దగ్గర సముద్రం పక్కనే వస్తుంది. ‘టూ టుగెదర్’ రైల్‌కార్డు కొనుక్కుంటే ఇద్దరి టికెట్ల మీద మూడో వంతు తగ్గుతుంది. మామూలు రోజుల్లో ఉదయం తొమ్మిదిన్నర దాటాకే అది చెల్లుతుంది. దారంతా ఇద్దరూ కలిసే ప్రయాణించాలి కాబట్టి అలిగి మధ్యలో దిగిపోవడం కుదరదు. లండన్ మెట్రోలో మాత్రం ఎవరి కార్డు వారిదే. ఒకే కార్డు ఇద్దరికీ గీస్తే గేటు దగ్గర ఒకరు ఆగిపోతారు.

షీట్‌లో లేనిది ఒకటి చేర్చండి. బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ గది. అద్దాల గోడ వెనక అమరావతి స్తూపం పలకలున్నాయి. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ అమరావతిలో ఆ స్తూపం దిబ్బను చూశాడు. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చినవాటిలో చాలా భాగం 1859లో ఓడెక్కింది, 1880లో ఈ మ్యూజియానికి చేరింది. అన్నీ మన పల్నాటి సున్నపురాతి చెక్కడాలే. వాటిలో స్తూపం బొమ్మ చెక్కిన పలక ఒకటుంది. ముందు వైపు స్తూపం, వాకిట్లో నిలబడ్డ బుద్ధుడు. అదే పలక వెనక్కి వెళ్లి చూస్తే బుద్ధుడు ఉండడు. బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం. అది కొన్ని వందల ఏళ్ల ముందటి పని. తర్వాతి శిల్పులు ఆ పాత రాయినే తిప్పి మళ్లీ చెక్కారు. చాలామంది ముందువైపు ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. ప్రవేశం ఉచితం. శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది, జనమూ పలచగా ఉంటారు. ఆ గది ఒక్కోసారి మూసి ఉంటుంది, ముందే చూసుకుని వెళ్లండి.

నేను రిటైరయ్యాను. మా ఆవిడ శాకాహారి. నేను మాంసం తింటాను గానీ బీఫ్, పోర్క్ ముట్టను. నాలుగు రోజులు బిర్యానీ లేకుండా ఉండలేను కూడా. బ్రిటన్‌లో ఏం తినాలి?
- ఒక పాఠకుడు, హఫీజ్‌పేట్

బిర్యానీ కోసం హఫీజ్‌పేట్ నుంచి లండన్ దాకా వెళ్లక్కర్లేదు కదండీ! నాలుక మరీ చచ్చిపోతే లండన్‌లోనే ఈస్ట్ హామ్ వెళ్లండి, అన్నం సాంబారు దొరుకుతాయి. మిగతా రోజుల్లో వాళ్ల తిండి తినండి, కానీ అడిగి తినండి.

చేపల వేపుడు మీకు, చిప్స్ మీ ఆవిడకు పనికొస్తాయని అనుకుంటారు. ఇంగ్లండ్ ఉత్తరాన, ముఖ్యంగా యార్క్‌షైర్‌లో చాలా దుకాణాలు గొడ్డు కొవ్వులోనే వేయిస్తాయి. ఒక్క ప్రశ్న అడగండి: ‘ఏ నూనె?’ ఫుల్ ఇంగ్లిష్ బ్రేక్‌ఫాస్ట్‌లో సాసేజ్, బేకన్ రెండూ పందివే. బ్లాక్ పుడింగ్ పంది రక్తంతో చేస్తారు, పేరు చూసి స్వీటనుకోకండి. మీరు గొర్రె తలకాయ కూర ఇష్టపడేవారైతే స్కాట్లండ్‌లో హ్యాగిస్ తినాల్సిందే. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు సన్నగా కొట్టి ఓట్స్, ఉల్లిపాయ, మిరియాలతో ఉడికిస్తారు. మన బోటీకి దూరపు చుట్టం. అందులో కొవ్వు గొర్రెదా, ఆవుదా అని మాత్రం అడగండి. మాంసం లేని హ్యాగిస్ ఎడిన్‌బరోలో సులువుగా దొరుకుతుంది కాబట్టి మీ ఆవిడ ఊరికే చూస్తూ కూర్చోనక్కర్లేదు.

పబ్‌లో టేబుల్ దగ్గరికి ఎవరూ రారు, మీరే కౌంటర్‌కి వెళ్లి చెప్పాలి. రాత్రి తొమ్మిదికే చాలా వంటగదులు కట్టేస్తారు. మన తొమ్మిదిన్నర భోజనం అలవాటు పక్కన పెట్టండి. మద్యం లైసెన్సున్న చోట కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలని ఇంగ్లండ్‌లో చట్టమే ఉంది, ‘ట్యాప్ వాటర్’ అనండి. లండన్ బిల్లులో 12.5 శాతం సర్వీస్ చార్జీ కనిపిస్తే అది సాధారణంగా మీ ఇష్టానికి వదిలినదే. నచ్చకపోతే తీసేయమనొచ్చు. నేను మాత్రం ఇచ్చేస్తాను.

ఆవకాయ, నెయ్యి, చికెన్ పచ్చడి బ్రిటన్‌కి పట్టుకెళ్లొచ్చా?
- ఒక పాఠకురాలు, మియాపూర్

ఆవకాయ సరే. మన దేశం నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు కాబట్టి చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదిలేయండి. పచ్చి కరివేపాకు కూడా వద్దు.

మా నాన్నగారిది ధవళేశ్వరం. లండన్ దాకా వెళ్తూ, గోదావరికి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర సమాధి చూడకుండా రావడం బాగోదంటున్నారు. దగ్గరేనా?
- ఒక పాఠకుడు, కొండాపూర్

దగ్గరే. 1899లో ఆయన కన్నుమూసింది సర్రే జిల్లా డోర్కింగ్‌లో, సమాధి కూడా ఆ ఊరి శ్మశానంలోనే. లండన్ నుంచి రైల్లో గంట ప్రయాణం. తెలుగు నిఘంటువు చేసిన సీపీ బ్రౌన్ సమాధి లండన్‌లోనే కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంది. ఒక పూట అక్కడికి, ఒక పూట డోర్కింగ్‌కి పెట్టుకోండి. నాన్నగారు సీసాలో గోదావరి నీళ్లు పట్టుకెళ్లాలంటే చెకిన్ బ్యాగులో పెట్టించండి. 100 మిల్లీలీటర్లు దాటిన సీసాను శంషాబాద్‌లోనే పక్కన పెట్టేస్తారు.