పాత స్టీరియోలో కంప్యూటర్ పాటలు

ప్రశ్న: నాన్నగారి కాలం నాటి స్టీరియో ఆంప్లిఫయర్, రెండు పెద్ద స్పీకర్లు ఇంకా బాగానే ఉన్నాయి. కంప్యూటర్‌లో దాచుకున్న ఘంటసాల పాటలు వాటిలో వినాలంటే ఏం కొనాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు ఆంప్లిఫయర్ వెనకవైపు చూడండి. ‘ఆక్స్’ అనో ‘టేప్’ అనో రాసిన ఎరుపు, తెలుపు సాకెట్లు ఉంటే సగం పని అయినట్టే. ‘ఫోనో’ అని ఉన్నదాని జోలికి మాత్రం పోకండి. రికార్డు ప్లేయర్ సూది నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్ కోసం పెట్టింది అది. కంప్యూటర్ తగిలిస్తే పాట బొంగురుపోతుంది.

చవకైన దారి తీగే. ఒక కొసన 3.5 మిల్లీమీటర్ల పిన్ను, రెండో కొసన ఎరుపు, తెలుపు పిన్నులు ఉన్నది అడగండి. పాట వెనక ‘గుయ్‌’మని మోత వస్తే ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి. మోత ఆగిందా, తప్పు ఆంప్లిఫయర్‌ది కాదు, ఎర్తింగ్ దారిది. గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న పరికరం మధ్యలో పెడితే సాధారణంగా తగ్గుతుంది.

తీగ వద్దనుకుంటే ఆంప్లిఫయర్‌కు బ్లూటూత్ రిసీవర్ తగిలించండి. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్ల సమాచారం ఉంటుంది. మామూలు బ్లూటూత్ దాన్ని నాలుగో వంతుకు కుదిస్తుంది. వైఫై స్ట్రీమర్‌కు ఆ కుదింపు అవసరం లేదు, ధర మాత్రం ఎక్కువ. 1950ల నాటి మోనో పాటలకు అంత ఖర్చు దండగని నా అభిప్రాయం.

ఏది తగిలించినా ముందు వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి.