డిటెక్టివ్ జోడీల తగవు, మన సంఘాల తగవు

చదువవలసిన వాక్యభాగం: అపోస్తలుల కార్యములు 15:36–41



1985లో దూరదర్శన్‌లో 'కరమ్‌చంద్' అనే హిందీ సీరియల్ వచ్చింది. డిటెక్టివ్ కరమ్‌చంద్ వేషం పంకజ్ కపూర్‌ది. చేతిలో ఎప్పుడూ ఒక క్యారెట్. పక్కన సహాయకురాలు కిట్టీగా సుస్మితా ముఖర్జీ. ఆమె ఏదో అమాయకపు ప్రశ్న వేసేది. ఆయన క్యారెట్ కొరికి "షటప్ కిట్టీ!" అని కసిరేవాడు. నేరస్థుడు దొరికాక ఆయన తెలివిని మెచ్చుకొంటే, దానికీ అదే బహుమానం! హిందీ రానివారికి కూడా ఆ రెండు మాటలు బాగా అర్థమయ్యేవి.

తర్వాత 1998లో సోనీ టీవీలో 'సి.ఐ.డి.' మొదలై, 2018 వరకు సాగింది. తలుపులు బద్దలుకొట్టడంలో దయా, ఆరా తీయడంలో అభిజీత్ ఆరితేరినవారు. ఇద్దరూ ప్రాణస్నేహితులు. 2024 డిసెంబరులో ఆ సీరియల్ తిరిగి ప్రారంభమైనప్పుడు ఆ ఇద్దరినే శత్రువులుగా ఎదురెదురు నిలబెట్టారు. స్నేహం కన్నా తగవుకే చూసేవారు ఎక్కువని టీవీ వారికి బాగా తెలుసు.

ఈ జోడీల కీచులాట మనకు ఎందుకు నవ్వు తెప్పిస్తుంది? వారి మధ్య ఒక కేసు ఉంది కనుక. ఎంత కసురుకొన్నా దొంగను పట్టవలసిందే. "క్యారెట్ నమిలేవాడితో నేను పనిచేయను, కేసు ఏమైపోతే నాకేం" అని కిట్టీ ఇంటికి వెళ్లిపోతే సీరియల్ అక్కడితో సరి.

ఇక మన సంగతి చూద్దాం. మా విచారణలో అని చెప్పను, ఏదో ఒక విచారణలో అనుకోండి. గాయక బృందంలో హార్మోనియం ఒకరిది, డోలక్ మరొకరిది. "నీ తాళం పరిగెడతంది" అని ఒకరు, "నీ పెట్టే నిద్దరోతంది" అని మరొకరు. క్రిస్మస్ నాటికి ఇద్దరూ అలిగి ఇంట్లో కూర్చుంటారు. జనం చప్పట్లతో పాడుకొని దివ్యపూజ ముగిస్తారు. ఇంతవరకు నవ్వుకోవచ్చు.

కాని ఫాదర్‌గారు ప్రతి ఆదివారం రాలేని చిన్న పల్లెలో ఉపదేశిగారికీ సంఘపెద్దకూ మాటలు లేకపోతే నవ్వు రాదు. గుడి తాళంచెవి ఒకరి దగ్గర, పిల్లల పట్టిక మరొకరి దగ్గర. సత్యోపదేశం ఆగిపోతుంది. మొదటి దివ్యసత్ప్రసాదానికి సిద్ధం కావలసిన పిల్లలు మూసిన తలుపు చూసి వెనుదిరుగుతారు. ఒక కాడికి కట్టిన ఎడ్లు పొడుచుకొంటే నష్టపోయేది చేనే.

క్రీస్తునాథుడు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపాడు (మార్కు 6:7). ఇద్దరున్నచోట అభిప్రాయభేదం రాకుండా ఉండదని ఆయనకు తెలియదా? పౌలు, బర్నబాలనే చూడండి. అందరూ పౌలును చూసి భయపడినప్పుడు చేయిపట్టి అపోస్తలుల వద్దకు తీసుకువెళ్లినవాడు బర్నబా (అ.కా. 9:27). అంతటి మిత్రులు కూడా మార్కు విషయంలో తగవుపడ్డారు. మార్కు మునుపు పంఫీలియాలో తమను విడిచి వెళ్లిపోయాడని పౌలు కోపం. అతనికి మరొక అవకాశం ఇవ్వాలని బర్నబా పట్టు.

ఆ తగవుకు లూకా వాడిన గ్రీకు మాట 'పరొక్సిస్మొస్'. తీవ్రమైన రేపుడు అని దాని భావం. నూతన నిబంధనలో ఈ మాట మరొక్కచోటే, హెబ్రీయులకు 10:24లో కనిపిస్తుంది. అక్కడ ప్రేమకూ సత్కార్యాలకూ ఒకరినొకరు రేపుకోవాలనే అర్థంలో వాడబడింది. అంటే పక్కవాడిని రేపడం మనకు ఎలాగూ వచ్చు. కోపానికి రేపుతున్నామా, మంచికి రేపుతున్నామా అన్నదే ప్రశ్న.

వారిద్దరిలో ఎవరు ఒప్పో లూకా తీర్పు చెప్పలేదు. బర్నబా మార్కుతో సైప్రసుకు వెళ్లాడు, పౌలు సీలాతో సిరియా, సిలీషియాలకు వెళ్లాడు. అంతియోకియలో రెండు పార్టీలు పెట్టి కూర్చోలేదు. చేపట్టిన పనిని ఎవరూ విడువలేదు. చివరకు చెరలో ఉన్న పౌలు, మార్కు తనకు ఉపయోగపడతాడు, వెంటబెట్టుకొని రమ్మని తిమోతికి వ్రాయించాడు (2 తిమోతి 4:11). ఒకప్పుడు వద్దన్నవాడినే రమ్మని అడగడానికి ఎంత వినయం కావాలి!

మన శ్రీకాకుళం మేత్రాసనం 1993లో విశాఖపట్నం నుండి వేరుపడి ఏర్పడింది. ఆ విశాఖకు 1846లో వచ్చిన మిషనరీలు పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరిట ఏర్పడిన సభవారు. ఆ పునీతుడు స్వభావతః కోపిష్ఠి అయినా, సాధనచేసి సౌమ్యతకే పేరుపొందాడు. ఆయన వారసుల చేతులమీదుగా విశ్వాసం అందుకొన్న మనం, కోపం తన గుణమని చెప్పి తప్పించుకోలేము.

టీవీ జోడీకి గంటలో కేసు తేలిపోతుంది. మన కేసు ఇంకా తేలలేదు. ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో వారే ముందుగా నడవాలి.

ఆలోచించండి:
1. నాతో కలిసి సేవచేసే వ్యక్తిలో నాకు ముందు కనిపించేది తప్పా, వరమా?
2. మా తగవువల్ల ఆగిపోయిన పని ఏది? నష్టపోతున్నది ఎవరు?
3. ఒకప్పుడు నేను వద్దన్న 'మార్కు' ఎవరు? ఈ వారం అతని గడప తొక్కగలనా?