శంఖంలోని పీతను పిల్లలు పట్టుకోవచ్చా?

సెలవులకు విశాఖకో బాపట్లకో వెళ్లొచ్చిన పటాన్‌చెరు పిల్లల సంచుల్లో గవ్వలతో పాటు ఒక్కోసారి నడిచే శంఖం కూడా ఇల్లు చేరుతుంది. పాఠ్యపుస్తకాల్లో అది సన్యాసి పీత, పిల్లల నోట హెర్మిట్ క్రాబ్. చేతిలో పెట్టుకుని ఆడుకోనివ్వచ్చా అంటే, ఎప్పుడో ఒకసారి, మీరు పక్కనుండగా ఫరవాలేదు. రోజూ మాత్రం వద్దు.

ముందు అది ఎక్కడిదో చూడండి. రాళ్ల మధ్య నీటిగుంటల్లో ఏరినదైతే ఉప్పునీళ్లలోనే బతికే రకం, బకెట్టులో కుళాయి నీళ్లు పోస్తే చచ్చిపోతుంది. దాన్ని తిరుగు బస్సెక్కక ముందే తీసిన చోట వదిలేయించండి. ఒడ్డున ఇసుక మీద తిరిగే నేల రకం వేరు. అది గాలి పీల్చేదే అయినా పీల్చేది మొప్పలతో, ఆ మొప్పలెప్పుడూ తడిగా ఉండాలి. గాలిలో తేమ 75 శాతానికి తగ్గితే మెల్లగా ఊపిరాడక చస్తుంది. సంగారెడ్డి ఎండల్లో మన పెదాలే పగులుతాయి, ఇక మూతలేని డబ్బాలో దాని సంగతి చెప్పేదేముంది? మూతపెట్టిన గాజు తొట్టి, లోతుగా తడి ఇసుక తప్పనిసరి. చేతి మీదికి ఎక్కించుకున్న ప్రతిసారీ దాన్ని ఆ తేమలోంచి బయటికి తెస్తున్నట్టే.

పట్టుకునేటప్పుడు పిల్లల్ని నేల మీద కూర్చోబెట్టండి. నిలబడి పట్టుకుంటే, చేయి జారితే, అంత ఎత్తునుంచి పడి అది బతక్కపోవచ్చు. అరచేతిని బల్లలా చాపి, చర్మం బిగువుగా ఉంచమనండి. వదులు చర్మం దొరికితేనే కొండితో పట్టేది. పట్టిందంటే చేయి విదిలించకుండా నేలకు ఆనించి ఉంచితే అదే దిగిపోతుంది. శంఖంలోంచి బయటికి లాగడం మాత్రం ఎన్నడూ చేయనివ్వకండి, శరీరం చీలినా అది పట్టు వదలదు. పట్టుకునే ముందు చేతులు మంచినీళ్లతో కడిగించండి, పట్టుకున్న తర్వాత సబ్బుతో. శానిటైజర్, దోమల క్రీము రాసుకున్న చేతులతో తాకనే వద్దు. మన ఇళ్లన్నిట్లో రాత్రంతా వెలిగే దోమల మందు ప్లగ్గు కూడా పీతల జాతికి విషమే, అది తొట్టి ఉన్న గదిలో ఉండకూడదు. ఐదేళ్లలోపు పిల్లలకు చూడటమే చాలు.

అసలు చిక్కు కుబుసం దగ్గర వస్తుంది. పెరుగుతున్న పీత ఇసుకలో గుంట తవ్వుకుని వారాల తరబడి, పెద్దదైతే నెలలు కూడా, లోపలే ఉండిపోతుంది. పాత పెంకు వదిలి దాన్నే తింటుంది, కొత్తది గట్టిపడే దాకా పైకి రాదు. కనిపించట్లేదని, చచ్చిందేమోనని తవ్వి చూస్తే ఆ మెత్తటి ఒంటికి నిజంగానే చావు తప్పదు. పిల్లవాడి ఆత్రం కన్నా పెద్దవాళ్ల ఆత్రమే ఇక్కడ ఎక్కువ ప్రమాదం. పైగా అది రాత్రి తిరిగే జీవి. పాశమైలారం ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు దిగి ఇంటికొచ్చే నాన్నకు కనిపించినంతగా, తొమ్మిదింటికే పడుకునే పిల్లకు కనిపించదు. అలాగని పగలు పీతను లేపి ఆడించాలనుకోకండి.

నీళ్ల గిన్నెలు రెండు పెట్టాలి, ఒకటి మంచినీళ్లది, ఒకటి సముద్రపు ఉప్పు కలిపినది. కుళాయి నీళ్లను క్లోరిన్ పోగొట్టే చుక్కలు వేశాకే వాడండి. పరిశ్రమల కాలుష్యం చూసిన ఈ ప్రాంతంలో బోరు నీళ్లు నేనైతే పోయను. రాగి పాత్ర మనకు ఆరోగ్యమేమో గాని దీనికి ప్రాణాంతకం. రంగులు పూసిన శంఖాలు వద్దు. పెరిగే కొద్దీ మారడానికి కొంచెం పెద్ద ఖాళీ శంఖాలు నాలుగైదు ఉంచండి.

ఇంత చేయలేమనుకుంటే తేకపోవడమే మేలు. దాని బదులు నక్షత్ర తాబేలో, రామచిలుకో కొనిపెడదామనుకోకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం. తొలకరి పడ్డాక పొలం గట్టున ఎండ్రకాయ బొక్కల దగ్గర కూర్చోబెట్టండి, మంజీర అభయారణ్యంలో మొసళ్లను దూరం నుంచి చూపించండి. మొసలిని ముట్టుకుంటానని ఏ పిల్లాడూ మారాం చేయడు.

ఇప్పటికే ఇంట్లో ఉండి, సాకలేకపోతుంటే, మన ఊరి సాకి చెరువులోనో మంజీరలోనో వదలకండి. నేల రకం నీళ్లలో మునిగి చస్తుంది, ఉప్పునీటి రకానికి ఆ నీళ్లు పనికిరావు. ఒడ్డున ఏరుకొచ్చిన నేల పీత అయితే, అటు వెళ్లే బంధువులతో గాలి ఆడే డబ్బాలో తడి ఇసుక వేసి పంపండి. ఏ తీరం నుంచి తెచ్చారో ఆ తీరంలోనే, ఎండ తగ్గాక వదలమని చెప్పండి.