ఎండాకు తెగులు బాక్టీరియా: మార్పు, ఎంపిక, పరిణామము

జీవపరిణామము అనగానే మనలో చాలామందికి శిలాజాలు, అంతరించిపోయిన మహాకాయ జంతువులు స్ఫురిస్తాయి. అది ఏనాడో జరిగి ముగిసిన కథ అనే భావం మన మనస్సులలో స్థిరపడి ఉన్నది. కాని పరిణామము ముగిసిన కథ కాదు. అది ఘంటసాల వరి చేలలో, ఒక ఆకు అంచున, ఒక్క సార్వా పంటకాలంలోనే జరుగుతున్నది. దానిని చూడడానికి సముద్రాలు దాటి పోనక్కరలేదు. చేను గట్టు మీద నిలబడి ఆలోచిస్తే చాలును.

"తెగులు మందుకు అలవాటు పడిపోయింది" అని పల్లెలలో తరచు వింటుంటాము. వాడుకలో ఈ మాట సహజంగానే ఉన్నది. శాస్త్రదృష్టితో చూస్తే మాత్రం ఇది పొరపాటు. బాక్టీరియా మందుకు అలవాటు పడదు, మందును చూసి పాఠం నేర్చుకోదు. మరి ఏమి జరుగుతుంది? ఈ ప్రశ్నకు సరియైన సమాధానం తెలియకపోతే మన పంటలకూ, మన శరీరాలకూ కూడ నష్టమే. కనుక ఆ విషయాన్ని ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

తెగులు స్వరూపము

ఘంటసాల, మొవ్వ, చల్లపల్లి ప్రాంతాలు కృష్ణా కాలువల క్రింది మాగాణి భూములు. సార్వాలో వరి, ఆ వరి కోతకు ముందు చేలో చల్లే మినుము ఇక్కడి పంటల క్రమము. అక్టోబరు, నవంబరు మాసాలలో తుపానులు వస్తుంటాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను దివిసీమ ఎన్నటికీ మరువలేదు. అంతటి విపత్తు కాకపోయినా, ప్రతి గాలివాన వరి ఆకులను ఒకదానితో ఒకటి ఒరిపించి గాయపరుస్తుంది. ఆ గాయాల ద్వారాను, ఆకు అంచున నీరు చెమర్చే సహజ రంధ్రాల ద్వారాను జాంథోమోనాస్ ఒరైజే అనే బాక్టీరియా లోపలికి ప్రవేశించి, నీటిని మోసే నాళాలలో వృద్ధి పొందుతుంది. ఇదే బాక్టీరియా ఎండాకు తెగులు. జపానులోని ఫుకువోకా రైతులు దీనిని 1884లోనే గుర్తించినారు.

తెగులు సోకిన ఆకు కొన నుండి అంచుల వెంబడి అలవలె పసుపు చార దిగి, క్రమంగా ఎండుగడ్డి రంగుకు మారుతుంది. తెల్లవారుజామున ఆకు మీద పసుపుపచ్చని జిగురు బొట్లు కనిపిస్తాయి. అట్టి ఆకు ముక్కను కోసి గాజు గ్లాసులోని తేట నీటిలో నిలిపితే, కోసిన చోటి నుండి పాలవంటి ద్రవం సన్నని ధారగా దిగుతుంది. ఆ ధార అంతా బాక్టీరియాలే. నత్రజని ఎరువు మితిమీరినకొద్దీ ఈ తెగులు ఉధృతమవుతుంది. నాళాలలో చేరిన తరువాత దీనిని పూర్తిగా నయం చేయగల మందు లేదు. తట్టుకొనగల వంగడమే రైతుకు ప్రధాన రక్షణ.

జన్యుగ్రంథము, లేఖక దోషము

మేము సాహిత్య విద్యార్థులము గనుక ఉపమానమును మా రంగం నుండే తెచ్చుకొంటాము. అచ్చుయంత్రం రాకముందు గ్రంథాలు తాళపత్రాల మీద ప్రతి నుండి ప్రతిగా వ్రాయబడేవి. లేఖకుడు ఎంత శ్రద్ధాళువైనా ఎక్కడో ఒకచోట అక్షరం జారుతుంది. ఆ జారిన ప్రతిని చూచి వ్రాసిన ప్రతులన్నింటిలోను అదే పాఠాంతరం కొనసాగుతుంది. ఒక్క కొమ్ము చేరితే 'మడి' కాస్తా 'ముడి' అవుతుంది. ఉర్దూలో ఒక్క నుక్తా చేరితే 'దువా' కాస్తా 'దగా' అవుతుంది.

బాక్టీరియా శరీరంలోని డి.ఎన్.ఎ. కూడ ఇట్టి గ్రంథమే. దాని లిపిలో అక్షరాలు నాలుగే. ఎండాకు తెగులు బాక్టీరియా గ్రంథంలో సుమారు 50 లక్షల అక్షరాలు ఉన్నాయి. కణం రెండుగా చీలిన ప్రతిసారి గ్రంథమంతటికీ నకలు తయారు కావాలి. ఆ నకలులో పడే తప్పునే ఉత్పరివర్తన అంటారు. సూక్ష్మజీవులలో గ్రంథం మొత్తం మీద దాదాపు 300 నకళ్ళకు ఒక తప్పు పడుతుందని 1991లో జాన్ డ్రేక్ అనే శాస్త్రవేత్త లెక్క తేల్చినారు. మన లేఖకులలో ఎవరికీ ఇంతటి నైపుణ్యం లేదని చెప్పవచ్చును. కాని సంఖ్యను గమనించండి. 30 కోట్ల బాక్టీరియాలు ఒక్కసారి చీలితే, ఈ లెక్కన, 10 లక్షల క్రొత్త తప్పులు పుడతాయి. అనగా కొద్దిపాటి విభజనలలోనే గ్రంథంలోని దాదాపు ప్రతి అక్షరమూ ఎక్కడో ఒక కణంలో మారి ఉంటుంది. ఆ మార్పులలో అనేకం నిష్ప్రయోజనాలు, కొన్ని హానికరాలు. ఏ ఒక్కటో, ఏదో ఒక పరిస్థితిలో, ఆ కణానికి ప్రాణరక్షణ అవుతుంది.

మార్పు ముందా? మందు ముందా?

మందు తగిలిన తరువాత మార్పు వస్తుందా, మార్పు ముందే ఉండి మందు దానిని బయటపెడుతుందా అనే వివాదాన్ని 1943లో సాల్వడోర్ లూరియా, మాక్స్ డెల్బ్రూక్ ఒక చక్కని ప్రయోగంతో తేల్చినారు. వారు బాక్టీరియాలను అనేక గొట్టాలలో వేరువేరుగా పెంచి, తరువాత వాటిని చంపే వైరస్ ఎదుట ఉంచినారు. వైరస్ తగిలిన తరువాతనే నిరోధక శక్తి పుట్టేటట్లయితే, ప్రతి గొట్టం నుండి బ్రతికి బయటపడేవాటి సంఖ్య ఇంచుమించు సమానంగా ఉండాలి. ఫలితం అట్లు రాలేదు. కొన్ని గొట్టాలలో ఒక్కటీ మిగలలేదు. కొన్నింటిలో వందలు మిగిలినవి. కారణం సులభమే. మార్పు ముందుగానే పుట్టిన గొట్టంలో ఆ మారిన కణపు సంతతి వందలుగా పెరిగి ఉన్నది.

దీనిని మన రైతులు తేలికగా గ్రహిస్తారు. వరి చేలో కేళీలు వెన్ను వేసినప్పుడే కంటబడతాయి. అంతమాత్రాన అవి ఆనాడే పుట్టినవి కావు, విత్తనంలోనే ఉన్నవి. 1952లో జాషువా లెడర్‌బర్గ్, ఎస్తర్ లెడర్‌బర్గ్ దంపతులు ముఖమల్ గుడ్డతో ఈ సంగతినే మరొక విధంగా చూపినారు. ఒక పళ్ళెంలో పెరిగిన బాక్టీరియా గుంపులను ముఖమల్ గుడ్డకు అద్ది, అదే అమరికలో మందు కలిపిన పళ్ళెం మీద ముద్ర వేసినారు. మందు మీద బ్రతికిన గుంపు మొదటి పళ్ళెంలో ఎక్కడ ఉన్నదో ఆనవాలు పట్టి, మందును ఎన్నడూ చూడని ఆ గుంపులోనే నిరోధక శక్తి ఉన్నట్లు నిరూపించినారు.

కనుక మందు గురువు కాదు, అది జల్లెడ. మార్పులను అది పుట్టించదు, ఏరుతుంది. ఈ ఏరడాన్నే ప్రకృతి వరణము, లేదా ఎంపిక అంటున్నాము.

హైదరాబాదులో ఒక పరిశోధన

ఎంపిక ఎటు వీచితే బాక్టీరియా సంతతి అటు వాలుతుందనడానికి మన హైదరాబాదులోనే చక్కని ఉదాహరణ ఉన్నది. కణ, అణు జీవశాస్త్ర కేంద్రంలో ఆర్. రాజేశ్వరి, రమేశ్ సొంటి ఎండాకు తెగులు బాక్టీరియా మీద చేసిన పరిశోధన 2000లో వెలువడినది. ఈ బాక్టీరియాను పోషక ద్రవంలో పెంచి, పెరుగుదల ఆగిన స్థితిలో అట్లే ఉంచితే, కొంతకాలానికి జిగురును తయారు చేయలేని, వరికి తెగులు కలిగించలేని రకాలు పెద్ద సంఖ్యలో కనిపించినవి. పరీక్షించగా, జిగురు తయారీకి అవసరమైన ఒక జన్యువు నడుమ ఒక డి.ఎన్.ఎ. ముక్క వచ్చి దూరినట్లు తేలినది. ఆ ముక్క బయటి నుండి వచ్చినది కాదు. ఆ బాక్టీరియా గ్రంథంలోనే ఒకచోటు నుండి మరొకచోటికి గెంతే స్వభావం గల ముక్క అది. అట్టివి దానిలో అనేక ప్రతులు ఉన్నాయి.

ఇందులో రెండు సంగతులు గమనార్హము. మొదటిది, మార్పు అనగా అక్షరం జారడమే కాదు. ఒక వాక్యం తెగి మరొక పుటలో పడడం కూడ మార్పే. రెండవది, సీసాలో వరి ఆకు పెట్టే పరీక్ష లేదు. కనుక చేలో నిలువలేని జిగురులేని రకం సీసాలో నిలువగలిగినది. ఏ రకం మేలైనది అనే ప్రశ్నకు 'ఎక్కడ?' అనే ఎదురు ప్రశ్న లేనిదే సమాధానం లేదు.

తాళము, మారుతాళము

వరికీ ఈ బాక్టీరియాకూ నడుమ పోరు ఎట్లు సాగుతుందో చూద్దాము. బాక్టీరియా తనలోని కొన్ని ప్రొటీనులను వరి కణంలోనికి పంపుతుంది. వాటిలో టాల్ అనే తెగ ప్రొటీనులు వరి జన్యుగ్రంథంలో ఒక నిర్ణీత స్థలాన్ని గుర్తుపట్టి, అక్కడ నిద్రిస్తున్న జన్యువును మేల్కొలుపుతాయి. చక్కెరను కణం వెలుపలికి పంపే జన్యువు మేల్కొన్నదంటే బాక్టీరియాకు విందు భోజనమే. టాల్ ప్రొటీనులో వరుసగా పునరావృతమయ్యే భాగాలు ఒక్కొక్కటి ఒక్కొక్క అక్షరాన్ని చదువుతాయని 2009లో జర్మనీ, అమెరికా పరిశోధకులు కనుగొన్నారు. ఈ భాగాలు పెరిగినా, తరిగినా, తారుమారైనా ప్రొటీను మరొక చోటును చదువుతుంది. అనగా బాక్టీరియా చేతిలో పళ్ళు మారుతూ ఉండే తాళపుచెవి ఉన్నది.

ఎక్స్ఎ-13 అనే రక్షణ గల వరిలో ఆ స్థలంలోని వ్రాతే మారి ఉంటుంది. పాత చెవి అక్కడ తిరగదు. అయితే మరికొన్ని బాక్టీరియా రకాలు వేరొక టాల్ ప్రొటీనుతో వేరొక చక్కెర జన్యువును మేల్కొలిపి ఈ రక్షణను దాటిపోతాయి. ఎక్స్ఎ-21 రక్షణ వేరు విధమైనది. ఆఫ్రికాలోని మాలీ దేశపు అడవి వరి నుండి వచ్చిన ఈ జన్యువును 1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పమేలా రోనాల్డ్ బృందం వేరుపరచినది. ఇది బాక్టీరియా విడుదల చేసే ఒక చిన్న ప్రొటీను ముక్కను ఆనవాలు పట్టి మొక్కను హెచ్చరిస్తుంది. ఆ ముక్కను విడిచిపెట్టిన బాక్టీరియా దీని కంటబడదు. ఎక్స్ఎ-21 ఒక్కదానినే కలిగిన వరిని లోబరచుకొనే రకాలు మన దేశంలోనే కనిపించినవి.

ఒకే రక్షణను విస్తారంగా నాటితే ఏమవుతుందో ఫిలిప్పీన్స్ అనుభవం చెప్పినది. అక్కడ 1970ల నుండి ఎక్స్ఎ-4 గల వంగడాలు ఊరూరా వ్యాపించగా, దానిని దాటగల బాక్టీరియా రకమే కాలక్రమంలో ప్రబలినది. ఇందుకు భిన్నంగా, ఎక్స్ఎ-7 అనే రక్షణను దాటడానికి బాక్టీరియా తనకు అవసరమైన జన్యువునే చెడగొట్టుకొనవలసి వస్తుందని 2000లో ప్రచురితమైన పరిశోధన చూపినది. దాటినది గాని బలహీనమైనది. శత్రువు గెలుపుకు పెద్ద మూల్యం చెల్లించవలసిన రక్షణయే చిరకాలం నిలుస్తుందని దీని సారాంశము.

మూడు రక్షణలు, మూడు మెట్లు

బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, తెలుగువారి భోజనంలో స్థిరపడిన బియ్యము. సన్నని గింజ, మంచి దిగుబడి దాని గుణాలు. ఎండాకు తెగులుకు లొంగడం దాని లోపము. హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలనాలయము, కణ, అణు జీవశాస్త్ర కేంద్రము కలిసి ఎక్స్ఎ-21, ఎక్స్ఎ-13, ఎక్స్ఎ-5 అనే మూడు రక్షణలను ఒకే వంగడంలో చేర్చి, మెరుగుపరచిన సాంబ మసూరిని 2008లో అందించినవి. ఇది సంకరణము, ఎంపికల ద్వారా సాధించినది. కావలసిన జన్యువు ఏ మొక్కలో ఉన్నదో డి.ఎన్.ఎ. గుర్తులతో పసిగట్టి ఏరినారు. ప్రకృతి చేసే ఎంపికను మనిషి బుద్ధిపూర్వకంగా చేసినాడన్న మాట.

మూడు ఎందుకు? ఉదాహరణకు, ఒక రక్షణను దాటే మార్పు కోటి కణాలలో ఒకదానిలో ఉన్నదనుకొందాము. మూడు మార్పులూ ఒకే కణంలో ఒకేసారి కుదరాలంటే కోటిని కోటితోను, మరల కోటితోను హెచ్చవేయాలి. ఒకటి ప్రక్కన 21 సున్నలు! ఇది కోటగోడవంటి రక్షణ. అయితే ఒక షరతు ఉన్నది. 'ఒకేసారి' అన్న మాట నిలిచినంత కాలమే ఈ లెక్క నిలుస్తుంది. ఒక చేలో ఒక్క రక్షణ గల వరి, ప్రక్క చేలో రెండు, ఆపైన మూడు గల వరి నాటితే, బాక్టీరియా మొదటి చేలో ఒక మార్పును కూడబెట్టుకొని, రెండవ చేలో రెండవదానిని చేర్చుకొని, మూడవ చేనును సులభంగా ఎక్కుతుంది. ఎక్కలేని గోడకు మనమే మెట్లు కట్టి ఇచ్చినట్లు అవుతుంది.

మందుల విషయమూ ఇంతే. ఎండాకు తెగులుకు స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిపిన మందును చల్లడం చాలాకాలం సాగిన అలవాటు. బాక్టీరియాలో ప్రొటీనులు తయారు చేసే యంత్రానికి చెందిన ఒక్క జన్యువులో ఒక్క అక్షరం మారితే స్ట్రెప్టోమైసిన్ దానిని ఏమీ చేయలేదు. 1948లో బ్రిటనులో క్షయరోగులకు ఈ మందును ఒంటరిగా ఇచ్చి చూసినప్పుడు, కొద్ది మాసాలలోనే అనేకులలో మందుకు లొంగని క్రిములు తలెత్తినవి. అందుచేతనే క్షయకు నేడు పలు మందులను కలిపి, పూర్తికాలం ఇస్తారు. పొలంలో మూడు జన్యువుల సూత్రము, ఆసుపత్రిలో పలు మందుల సూత్రము ఒకటే. జ్వరం తగ్గినదని సగం మాత్రలు మానివేసిన వ్యక్తీ, తోచినప్పుడల్లా మందు చల్లిన రైతూ తెలియకుండానే చేసేది మెట్లు కట్టే పనియే.

విద్యార్థులకు మా మనవి ఇది. మీలో చాలామంది వ్యవసాయ కుటుంబాల నుండి వచ్చినవారు. ఘంటసాలలోని కృషి విజ్ఞాన కేంద్రము ఎంతో దూరాన లేదు. ఆకు ఎండినప్పుడు ముందుగా గ్లాసు నీటి పరీక్షతో తెగులును నిర్ధారించుకొనమనండి, యూరియాను తగ్గించమనండి, తెగులు సోకిన మడి నీటిని ప్రక్క మడికి పెట్టవద్దని చెప్పండి, ఏ వంగడంలో ఏ రక్షణ ఉన్నదో అడిగి తెలుసుకొనండి. "తెగులు మందుకు అలవాటు పడింది" అని ఎవరైనా అన్నప్పుడు, "అలవాటు పడలేదు, మనమే ఏరి పెంచినాము" అని వినయంగా విడమరచి చెప్పండి. ఏరినది మనమే అని తెలిసినవాడు ఏరడంలో జాగ్రత్త పడతాడు. బాక్టీరియాకు ఆలోచన లేదు, సంఖ్య మాత్రమే ఉన్నది. మనకు అంత సంఖ్య లేదు, ఆలోచన ఉన్నది. దానిని వినియోగించడమే మన పంటకూ, మన ఆరోగ్యానికీ రక్ష.